అనంతగిరి కొండల్లో బూడిదతల ఫ్లైక్యాచర్‌ను కంటితో పట్టడం ఎలా

మూడు చలికాలాలు వరసగా నేను ఈ పిట్టను 'చూశాను'. నాలుగో చలికాలంలో తెలిసింది, అంతకుముందు నోట్‌బుక్కులో రాసుకున్న వాటిలో సగం అది కాదని. ఒకసారి ఐయోరా, ఒకసారి తెల్లకన్ను పిట్ట, ఇంకోసారి ఆకుల్లో దూరి మాయమైన ఏదో వార్బ్లర్. పసుపు రంగు కనపడగానే మనసు ముందే పేరు రాసేసింది. ఆ తప్పులు మీరు చేయకుండా ఉండటానికి నాకు తెలిసిందంతా వరసగా రాస్తున్నాను.

పిట్ట పేరు గ్రే-హెడెడ్ కానరీ-ఫ్లైక్యాచర్. మా బర్డింగ్ మిత్రుల మధ్య 'బూడిదతల' అనేస్తాం, ఇక్కడా అలాగే అంటాను. పొడవు 12-13 సెంటీమీటర్లు, అంటే పిచ్చుక కంటే చిన్నది. బరువు ఏడెనిమిది గ్రాములు, పది రూపాయల బిళ్ల ఎంతో అంత. తల, గొంతు, ఛాతీ బూడిద రంగు. పొట్ట నిండు పసుపు. వీపు పసుపు కలిసిన ఆకుపచ్చ. తల వెనక చిన్న జుట్టు ఉంటుంది. బుల్‌బుల్‌కి ఉన్నట్టు నిక్కి నిలబడే జుట్టు కాదు, నూనె రాసి వెనక్కి దువ్వినట్టుంటుంది. దానివల్ల పక్కనుంచి చూస్తే తల గుండ్రంగా కాకుండా కాస్త కోసుగా, పలకగా కనిపిస్తుంది. ఆడ, మగ ఒకేలా ఉంటాయి కాబట్టి ఆ గొడవ లేదు.

శాస్త్రీయ నామం క్యులిసికాపా సైలోనెన్సిస్. మొదటి మాటకు లాటిన్‌లో 'దోమల్ని పట్టేది' అని అర్థం. రెండో మాట సిలోన్ నుంచి వచ్చింది. 1820లో స్వైన్సన్ దీన్ని శాస్త్రానికి పరిచయం చేసినప్పుడు సిలోన్ పేరే పెట్టాడు. పేరులో ఫ్లైక్యాచర్ ఉంది, బతుకూ ఫ్లైక్యాచర్ బతుకే, కానీ అసలు ఫ్లైక్యాచర్ల కుటుంబం కాదు. డీఎన్‌ఏ పరీక్షలు వచ్చాక దీన్ని స్టెనోస్టిరిడే అనే చిన్న కుటుంబంలోకి మార్చారు. ఆఫ్రికాలో ఉండే జుట్టు ఫ్లైక్యాచర్లు కూడా ఈ కుటుంబంలోవే. టిట్ పిట్టలు దీనికి దగ్గర చుట్టాలు. అడవిలో దీనివల్ల మీకు ఒరిగేదేమీ లేదు గానీ, పాత పుస్తకంలో ఒకచోట, కొత్త పుస్తకంలో ఇంకోచోట కనిపిస్తే కంగారు పడకండి.

మొదటి పని: నెల, చోటు

హిమాలయాల్లో, నీలగిరుల్లో, మున్నార్ వైపు కొండల్లో ఇది గూడు పెట్టే పిట్ట. మన తూర్పు కనుమల్లోకి ఎక్కువగా చలికాలపు అతిథిగా వస్తుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. మార్చిలోనూ కనిపిస్తుంది కానీ నన్నడిగితే డిసెంబరు, జనవరి. నల్లమల, శేషాచలం, పాపికొండల అడవుల్లోనూ చలికాలంలో పలకరిస్తుంది. అయినా మొదటిసారి వెతికేవాళ్లకు నేను చెప్పేది విశాఖ నుంచి అరకు వెళ్లే ఘాట్ రోడ్డే. ఎస్.కోట దాటి కొండ ఎక్కడం మొదలయ్యాక టైడా, ఆ పైన అనంతగిరి, గాలికొండ, సుంకరిమెట్ట. ఇవన్నీ ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా కిందికి వస్తాయి.

పక్షుల వాళ్లకు ఈ కొండలు కొత్త కాదు. విశాఖపట్నానికి చెందిన కె.ఎస్.ఆర్. కృష్ణరాజు ఈ ఘాట్లలో ఏళ్ల తరబడి తిరిగి, 1980లలో అమెరికా పక్షి శాస్త్రవేత్తలు డిల్లన్ రిప్లీ, బ్రూస్ బీలర్‌లతో కలిసి ఇక్కడి పక్షుల మీద పని చేశారు. ఎక్కడో ఈశాన్యంలో ఉండే అబాట్స్ బాబ్లర్ అనే పిట్ట ఈ కొండల్లో విడిగా మిగిలిపోయి ఉందని తేలినప్పుడు, 1985లో ఆ ఉపజాతికి కృష్ణరాజు పేరే పెట్టారు. టైడా పరిసరాల్లో నడిచేటప్పుడు నాకు ఆ సంగతి గుర్తొస్తుంటుంది. ఇలా కొండలెక్కి తిరిగిన మనిషి పేరు ఒక పిట్టకు అతుక్కుపోయింది.

అడవిలో ఏ భాగం? నీడ ఉండాలి, తేమ ఉండాలి, చెట్ల మధ్యలో కాస్త ఖాళీ గాలి ఉండాలి. ఈ మూడూ కలిసే చోటు గెడ్డ ఒడ్డు. ఉత్తరాంధ్రలో కొండ వాగును గెడ్డ అంటారు. రోడ్డు కింద గెడ్డ దాటే కల్వర్టులు, పెద్ద చెట్ల నీడలో ఉన్న పాత కాఫీ తోటలు, కొండ మడతల్లో సన్నటి బాటలు చూడండి. నిండు ఎండ పడే పొదల్లో, అచ్చంగా నీలగిరి చెట్లు వేసిన తోటల్లో కాలం వృథా చేసుకోవద్దు.

ప్రయాణం గురించి ఒక్కమాట. విశాఖ నుంచి పొద్దున బయల్దేరే కిరండూల్ రైలు సొరంగాల గుండా భలేగా ఉంటుంది, పిల్లలతో అయితే తప్పకుండా ఎక్కండి. పిట్టల కోసం అయితే వద్దు. అది కొండ ఎక్కేసరికి మంచి సమయం సగం అయిపోతుంది. ముందురోజు సాయంత్రానికే టైడాలోనో అనంతగిరిలోనో దిగి పడుకోండి.

రెండో పని: ఇంటి దగ్గరే బైనాక్యులర్స్ అలవాటు

ఇది అడవిలో నేర్చుకునే విషయం కాదు. కొండెక్కాక బైనాక్యులర్స్‌తో కుస్తీ పడేవాళ్లను చూస్తే జాలేస్తుంది. పిట్ట ఎదురుగా ఉంటుంది, వాళ్లకు మాత్రం ఆకులు కనిపిస్తుంటాయి.

కొనేవాళ్లు 8×42 కొనండి. 8 అంటే ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, 42 అంటే ముందు అద్దం ఎన్ని మిల్లీమీటర్ల వెడల్పో. 10×42 ఎక్కువ దగ్గరగా చూపిస్తుంది కదా అని షాపువాళ్లు అంటారు. లెక్క చూడండి: 42ని 8తో భాగిస్తే 5.25, 10తో భాగిస్తే 4.2. కంట్లో పడే వెలుగు వలయం ఎన్ని మిల్లీమీటర్లో చెప్పే అంకె అది. గెడ్డ నీడలో పొద్దున్నే ఆ తేడా బాగా తెలుస్తుంది. పైగా 8లో కనిపించే మేర వెడల్పు, చేతి వణుకు తక్కువ. ఒక్క క్షణం కుదురుగా ఉండని పిట్టకు వెడల్పే కావాలి.

తర్వాత దాన్ని మీ కళ్లకు సరిచేసుకోండి. రెండు గొట్టాలను మడత దగ్గర దగ్గరికీ దూరానికీ కదిపి, రెండు వలయాలు ఒక్కటయ్యేలా పెట్టండి. కుడి కన్ను మూసి, ఎడమ కంటితో ఎదురింటి నంబరు ప్లేటు చూస్తూ మధ్య చక్రం తిప్పి స్పష్టం చేసుకోండి. ఇప్పుడు ఎడమ కన్ను మూసి, మధ్య చక్రం ముట్టుకోకుండా, కుడి కంటి దగ్గరున్న చిన్న రింగుతో అదే ప్లేటును స్పష్టం చేయండి. ఇక ఆ రింగును వదిలేయండి. కళ్లద్దాలు ఉన్నవాళ్లు కంటి దగ్గరి రబ్బరు కప్పులు కిందికి తిప్పుకోవాలి.

అసలు సాధన ఇప్పుడు. కరెంటు తీగ మీద కూర్చుని, గాల్లోకి ఎగిరి పురుగును పట్టి, మళ్లీ అదే తీగ మీదికొచ్చే నల్ల పిట్ట తెలుసు కదా, పసుల పోలిగాడు. దాన్ని చూస్తూనే ఉండండి. చూపు దాని మీదనుంచి తిప్పకుండా బైనాక్యులర్స్‌ను కళ్ల దగ్గరికి తెచ్చుకోండి. తల దించి బైనాక్యులర్స్ వైపు చూశారా, పిట్ట పోయినట్టే. రోజుకు పది నిమిషాలు, రెండు వారాలు చేయండి. పోలిగాడు ఎగిరి వెనక్కి వచ్చే తీరు కూడా ఒంటపడుతుంది. మన బూడిదతల చేసేదీ అదే పని, కాకపోతే పది రెట్లు హడావిడిగా.

మూడో పని: చెవి

ఈ పిట్ట తొంభైపాళ్లు ముందు చెవికి చిక్కుతుంది, ఆ తర్వాతే కంటికి. ఊరుకోదు, ఏదో ఒకటి అంటూనే ఉంటుంది. కూత సన్నగా, కీచుగా, ఆ ఒంటికి మించిన గట్టి గొంతుతో వస్తుంది. నా చెవికి 'చిక్... విచీ-విచీ' అన్నట్టుంటుంది. మధ్యమధ్యలో 'టిర్‌ర్‌ర్' అని చిన్న గిలక తిప్పినట్టు ఒక చప్పుడు. మీ చెవికి వేరేలా వినపడొచ్చు, మీ అక్షరాల్లో మీరు రాసుకోండి. ఎవరి అక్షరాలు వాళ్లకే గుర్తుంటాయి.

కూత విని పిట్ట పేరు చెప్పే మెర్లిన్ అనే యాప్‌లో భారతదేశపు పక్షుల ప్యాక్ ముందే దించుకోండి, ఘాట్ రోడ్డులో సిగ్నల్ దొరకదు. ఇంటి దగ్గర ఈ పిట్ట కూతను రోజూ రెండు మూడుసార్లు వినండి, అంట్లు తోముతూ విన్నా ఫర్వాలేదు. దాని పక్కనే తెల్లకన్ను పిట్టది, ఏదైనా లీఫ్ వార్బ్లర్‌ది కూడా వినాలి. ఒక్కదాన్నే వింటే అన్నీ అదే అనిపిస్తాయి. యాప్ అడవిలో చెప్పే పేరు సాక్ష్యం కాదు, ఏ వైపు చూడాలో చెప్పే సలహా మాత్రమే. కంటితో చూసేదాకా నేను నోట్‌బుక్కులో ఎక్కించను.

నాలుగో పని: నడక ఆపడం

నేను మూడేళ్లు చేసిన తప్పు నడవడం. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి పదింటికల్లా ఆరేడు కిలోమీటర్లు తిరిగేసేవాణ్ని. ఎంత తిరిగితే అన్ని పిట్టలు అనుకునేవాణ్ని.

సుంకరిమెట్ట దగ్గర కాఫీ తోటలో ఒకసారి పళ్లు ఏరుతున్న ఒక పెద్దావిడ నన్ను రెండుసార్లు అటూ ఇటూ పోవడం చూసి, "ఏటి ఎతుకుతున్నారు బాబూ?" అంది. పిట్టల్ని అన్నాను. నవ్వి, "అలాగ తిరిగితే ఏటి కనపడతాయి? పొద్దెక్కాక ఆ గెడ్డ కాడికి గుంపుగా వొత్తాయి. అక్కడ కూకోండి" అంది. కూర్చున్నాను. ఎనిమిదిన్నర దాటాక, మంచు విడి, ఎండ చెట్ల తలల మీద పడ్డాక వచ్చాయి. ఒకటీ రెండూ కాదు, ముప్ఫై దాకా.

బర్డింగ్‌లో దీన్ని హంటింగ్ పార్టీ అంటారు. రకరకాల పురుగులు తినే పిట్టలు చలికాలంలో ఒక గుంపు కట్టి, అడవిలో ఒక వైపు నుంచి ఇంకో వైపుకు జరుగుతూ వేటాడతాయి. కింద పొదల్లో ఫుల్వెట్టాలు కదులుతుంటాయి. చెట్ల మానుల మీద నట్‌హ్యాచ్ తలకిందులుగా దిగుతుంటుంది. పైన కొమ్మల్లో ఎర్రటి, పసుపుపచ్చటి మినివెట్లు, ఆకుల్లో వార్బ్లర్లు. వీటన్నిటి మీద కాపలాదారులా, తోక చివర టెన్నిస్ బ్యాట్లలాంటి ఈకలుండే రాకెట్ తోక పోలిగాడు. ఇన్ని పిట్టలు కదిలితే ఆకుల్లో దాక్కున్న పురుగులు లేచి గాల్లోకి వస్తాయి. అలా లేచిన వాటిని మధ్యలో అందుకునేది మన బూడిదతల. ఈ గుంపుల్లో దీనిది దాదాపు శాశ్వత సభ్యత్వం.

అంటే మీరు వెతకాల్సింది ఒక చిన్న పిట్టను కాదు, ఒక పెద్ద గుంపును. గుంపు దొరికితే పిట్ట దొరుకుతుంది. గుంపు లేనిచోట ఎంత తిరిగినా లాభం తక్కువ.

ఎలా కూర్చోవాలంటే: గెడ్డకు ఓ పది పదిహేను మీటర్ల ఇవతల, వీపుకు చెట్టో బండో ఆనుకునేలా, సూర్యుడు మీ వెనక ఉండేలా. బట్టలు మట్టిరంగువో ముదురాకుపచ్చవో వేసుకోండి, తెల్ల చొక్కా వద్దు. ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. కనీసం నలభై నిమిషాలు ఒకేచోట. మొదటి పదిహేను నిమిషాలు ఏమీ జరగదు, దోమలు తప్ప. నిండు చేతుల చొక్కా, ఓడోమాస్ తప్పనిసరి. ఏజెన్సీలో మలేరియా పాత సమస్య, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. గడ్డిలో నడిచి వచ్చాక కాళ్లకు పిడుదులు పట్టాయేమో చూసుకోండి.

దూరంనుంచి పోలిగాడి గోల, మినివెట్ల సన్నటి ఈల వినపడితే లేచి పరుగెత్తకండి. గుంపు ఎటు జరుగుతోందో ఒక నిమిషం విని, దానికి ముందుకు వెళ్లి ఆగండి. వెనకాల పడితే తోకలే కనిపిస్తాయి.

కాఫీ తోటలు గిరిజన కుటుంబాలవి, లేదంటే అటవీ అభివృద్ధి సంస్థవి. నవంబరు నుంచి జనవరి దాకా పళ్లు కోసే రోజులు, మనుషులు పనిలో ఉంటారు. లోపలికి వెళ్లేముందు అడగండి. బైనాక్యులర్స్ మెడలో చూసి సర్వే వాళ్లేమో అని అనుమానపడతారు. ఒకసారి వాళ్ల పిల్లల చేతికి ఇచ్చి చూడమంటే ఆ అనుమానం పోతుంది. రిజర్వ్ ఫారెస్టు లోపలికి అయితే ఫారెస్టు వాళ్ల అనుమతి లేకుండా పోవద్దు. నిజానికి అంత లోపలికి వెళ్లాల్సిన అవసరమే లేదు, రోడ్డు పక్క కల్వర్టు మీద నిలబడి చూసినవే నాకు ఎక్కువ.

ఐదో పని: కనిపించాక ఏం చూడాలి

ఇప్పుడు గుంపు వచ్చింది. ముప్ఫై పిట్టలు, అన్నీ కదులుతున్నాయి, మీకు టెన్షన్. బైనాక్యులర్స్ దించండి. ముందు ఉత్త కళ్లతో చూడండి. చెట్టు నడిమి ఎత్తులో, మనిషి తల ఎత్తు నుంచి రెండు మూడంతస్తుల దాకా, ఆకులు లేని సన్న కొమ్మలు ఎక్కడున్నాయో చూసుకోండి. ఆకుల్లోకి దూరి తిరిగే పిట్టల్ని వదిలేయండి. కొమ్మ మీదనుంచి గాల్లోకి దూకి, గిర్రున తిరిగి, మళ్లీ కొమ్మ మీద వాలేదాన్ని పట్టుకోండి. ఆ ఒక్క లక్షణంతో గుంపులో సగానికి పైగా పిట్టల్ని పక్కన పెట్టేయొచ్చు.

అది వాలిన కొమ్మ మీదికి బైనాక్యులర్స్ ఎత్తండి. అదే కొమ్మకో, జానెడు దూరంలో ఇంకో కొమ్మకో తిరిగొస్తుంది. ఇప్పుడు వరసగా చూడండి, నేను చూసే వరస ఇది.

మొదట కూర్చునే తీరు. నిటారుగా, కవాతులో నిలబడ్డ పోలీసులా కూర్చుంటుంది. వార్బ్లర్లు, తెల్లకన్ను పిట్టలు కొమ్మకు సమాంతరంగా ముందుకు వంగి ఉంటాయి. రంగు కనపడకపోయినా, వెలుతురు వెనకనుంచి పడి పిట్ట నల్లగా కనిపించినా, ఈ తేడా తెలుస్తుంది.

రెండోది గొంతు. నా మూడేళ్ల తప్పులన్నీ ఇక్కడే జరిగాయి. పసుపు ఎక్కడ మొదలవుతోంది? బూడిదతలకు బూడిదరంగు తల మీదనే ఆగదు, గొంతు మీదుగా ఛాతీ దాకా దిగుతుంది. మంకీ క్యాప్ వేసుకుని మెడ కింద దాకా లాక్కున్నట్టుంటుంది. పసుపు ఆ కిందనుంచే మొదలవుతుంది. గొంతు పసుపుగా ఉందా, అది మన పిట్ట కాదు, వదిలేయండి.

మూడోది తల ఆకారం. పక్కనుంచి చూసినప్పుడు వెనక భాగం చిన్న కోసులా పొడుచుకొచ్చి ఉండాలి. ఇది నమ్మకమైన గుర్తే కానీ ఎప్పుడూ ఒకేలా ఉండదు. తీరిగ్గా వేటాడేటప్పుడు జుట్టు తలకు అంటుకుని ఉంటుంది, కంగారు పడ్డప్పుడు లేస్తుంది. జుట్టు కనపడలేదని కొట్టిపారేయకండి.

ఇక దగ్గరగా చూసే అదృష్టం ఉంటే కన్ను చుట్టూ సన్నటి తెల్లటి వలయం, పొట్టి ముక్కు. ఆ ముక్కు పక్కనుంచి మామూలుగానే ఉంటుంది. ఒకసారి టైడా దగ్గర కల్వర్టు గోడమీద మోచేతులు ఆనించి కిందికి చూస్తుంటే, గెడ్డ మీదికి వంగిన కొమ్మమీద, నాకు రెండు మూడు మీటర్ల కింద ఒకటి వాలింది. పైనుంచి చూస్తే ముక్కు మొదట్లో వెడల్పుగా ఉండి కొసకు సన్నబడుతూ, అచ్చం త్రిభుజం. దాని మొదట్లో మీసాల్లాంటి సన్న వెంట్రుకలు. ఒక్కసారి తల పక్కకు తిప్పింది, నాకు కనపడని దేన్నో చూసింది, దూకింది. ముక్కు మూసుకున్న 'టక్' చప్పుడు గెడ్డ హోరులో కూడా వినపడింది. కొమ్మ ఇంకా ఊగుతుండగానే వచ్చి కూర్చుంది. మింగింది. మళ్లీ తల పక్కకు.

ఏ పిట్టలతో పొరబడతాం

తెల్లకన్ను పిట్ట, అంటే ఇండియన్ వైట్-ఐ. కన్ను చుట్టూ దట్టమైన తెల్ల వలయం. దీని రంగులు మన పిట్టకు సరిగ్గా తిరగేసినట్టుంటాయి: గొంతు పసుపు, పొట్ట బూడిద తెలుపు. గుంపులుగా ఆకుల్లో పాకుతుంది, గాల్లోకి దూకి వేటాడటం దీని పద్ధతి కాదు.

ఐయోరా. గొంతు నుంచి కింది దాకా పసుపు, రెక్క మీద రెండు తెల్ల పట్టీలు. నిదానస్తురాలు, కొమ్మ కొమ్మా వెతుక్కుంటూ తిరుగుతుంది. బూడిద తల లేదు. దీన్ని ఎలా పొరబడ్డానో ఇప్పటికీ నాకు సిగ్గే. ఆ రోజు చూసిన పిట్టల జాబితాను ఈబర్డ్‌లో, అంటే పక్షులు చూసేవాళ్లు తమ లెక్కలు నమోదు చేసే వెబ్‌సైట్‌లో, పెడితే, పరిశీలించే వలంటీరు ఎవరో ఎంతో మర్యాదగా "గొంతు రంగు గుర్తుందా?" అని ఒక్క వాక్యం రాశారు. గుర్తులేదు. ఎందుకంటే చూడలేదు. తీసేశాను.

వార్బ్లర్లు అసలు తలనొప్పి. చలికాలంలో అడవి నిండా ఉంటాయి. వాటిలో కొన్నిటికి కింద పసుపు, తలలో బూడిద రెండూ ఉంటాయి. కానీ ఎక్కువవాటికి కంటిమీద కనుబొమ్మ గీతో, నడినెత్తిన చారలో, కంటి చుట్టూ పసుపు వలయమో ఏదో ఒకటి ఉంటుంది. మన పిట్ట తల మీద ఏ గీతా లేదు, ఒకటే బూడిద. హిమాలయాలకు వెళ్లేవాళ్లు గ్రే-హుడెడ్ వార్బ్లర్‌తో మరీ జాగ్రత్తగా ఉండాలి, దాని పేరులోనే బూడిద టోపీ ఉంది. దానికి లేత కనుబొమ్మ గీత ఉంటుంది, గొంతుతో సహా కిందంతా పసుపు. అక్కడే ఎల్లో-బెల్లీడ్ ఫ్యాన్‌టెయిల్ కూడా కనిపిస్తుంది. పసుపు నుదురు, కంటిమీద నల్ల ముసుగు, విసనకర్రలా విప్పే తోక చూస్తే చాలు. అదీ మన పిట్ట కుటుంబమే.

బ్లాక్-నేప్డ్ మొనార్క్ ఆడది నీడలో బూడిద తలతో నిటారుగా కనిపించి కాస్త మోసం చేస్తుంది. దాని పొట్ట తెలుపు, ఎక్కడా పసుపు ఉండదు.

రాసుకోవడం

పుస్తకం తెరవకముందే రాయండి. పుస్తకంలో బొమ్మ చూశాక మన జ్ఞాపకం ఆ బొమ్మలోకి జారిపోతుంది. నా నోట్‌బుక్కులో ఒక మంచి ఎంట్రీ ఇలా ఉంటుంది: "8:40, కల్వర్టు, నీడ. 2 పిట్టలు, గుంపుతో. నిటారు. గొంతు బూడిద, పసుపు ఛాతీ కింద. తల మీద గీతల్లేవు. దూకి అదే కొమ్మకు, 4 సార్లు. కూత: చిక్-విచీ." ఇందులో పేరు లేదు చూడండి. పేరు తర్వాత వస్తుంది. పాత తప్పు ఎంట్రీలు తీసి చూస్తే ఉన్నది పేరు ఒక్కటే: "అనంతగిరి, కానరీ ఫ్లైక్యాచర్, 1."

ఈబర్డ్‌లో పెట్టేటప్పుడు ఎంతసేపు ఉన్నారు, ఎంత దూరం నడిచారు, గుంపులో ఇంకేమున్నాయి కూడా రాయండి. ఒకేచోట కూర్చున్నది 'స్టేషనరీ' కింద వేయాలి.

పక్కనున్న మనిషికి చూపించాలంటే "అదిగో, అక్కడ, పచ్చ చెట్టు" అంటే ఏమీ లాభం లేదు, చెట్లన్నీ పచ్చనే. "ఎడమవైపు మిరియాల తీగ పాకిన సిల్వర్ ఓక్, దాని మాను మీద తెల్ల మచ్చ, అక్కడినుంచి కుడికి మూడడుగులు, ఎండు కొమ్మ." ఇలా పెద్ద గుర్తు నుంచి చిన్న గుర్తుకు రావాలి. వేలు చాచి చూపించకండి, కదలికకు పిట్ట లేచిపోతుంది.

ఫోటో, రికార్డు చేసిన కూత

ఫోటో గురించి పెద్దగా చెప్పను. నీడ, చిన్న పిట్ట, నిలకడ లేనితనం, మూడూ కెమెరాకు శత్రువులే. అది ఎగిరినప్పుడు వెంబడించకండి. వాలిన కొమ్మ మీదే ఫోకస్ పెట్టి ఉంచండి, వెనక్కి వస్తుంది. ఐఎస్‌ఓ, అంటే తక్కువ వెలుతురులోనూ ఫోటో వచ్చేలా చేసే కెమెరా సెట్టింగ్, పెంచడానికి భయపడొద్దు. గింజలు పడ్డ ఫోటోలో కూడా గొంతు రంగు కనిపిస్తే చాలు, గుర్తింపుకు పనికొస్తుంది.

ఫోన్లోనో స్పీకర్లోనో కూత పెట్టి పిలవడం మాత్రం వద్దు. ఇది పెద్దరికంగా చెప్పడం లేదు, నేనూ ఒకసారి చేశాను. కూత పెట్టిన నిమిషంలో పిట్ట వచ్చింది. నెత్తిమీదే కొమ్మ మార్చి కొమ్మ మీదికి ఎగురుతూ, ఎక్కడో ఉన్న ఇంకో పిట్టను వెతుకుతూ పది నిమిషాలు గడిపింది. ఆ పది నిమిషాల్లో ఒక్క పురుగును పట్టలేదు. ఈలోగా దాని గుంపు కొండ మడత దాటి వెళ్లిపోయింది. ఏడెనిమిది గ్రాముల ఒంట్లో చలికాలపు రాత్రిని దాటించే కొవ్వు ఎంతుంటుంది? ఆ రోజు తీసిన ఫోటో నా దగ్గర ఉంది. దాని తల మీద జుట్టు నిక్కబొడుచుకుని ఉంది. అందరూ "ఎంత బావుందో" అంటారు.

ఏప్రిల్ నుంచి జూన్ మధ్య నైనితాల్ వైపు కొండలకు వెళ్లేవాళ్లకు ఇంకో జాగ్రత్త. అది గూడు పెట్టే కాలం. నాచు పట్టిన చెట్టు మానుకో బండకో అతికించినట్టు, నాచూ సాలెగూడు దారాలతో సగం గిన్నెలా గూడు కడుతుంది. మూడు నాలుగు గుడ్లు పెడుతుంది. నాచు మీద నాచు కాబట్టి కనపడదు. పిట్ట ముక్కుతో పురుగును పట్టుకుని మింగకుండా, మీ వైపే చూస్తూ కూతపెడుతోందంటే గూడు దగ్గరలో ఉందని అర్థం. వచ్చిన దారినే వెనక్కి జరగండి.

మొదటిరోజు కనపడకపోతే

పదకొండు దాటాక గుంపులు చల్లబడతాయి. అప్పుడు మొండిగా కూర్చోవద్దు, భోంచేసి పడుకోండి. మళ్లీ మూడున్నరకు అదే గెడ్డ దగ్గరికి, చీకటి పడేముందు ఇంకో దఫా వేట ఉంటుంది. రెండోరోజు ఎత్తు మార్చండి: టైడాలో చూడకపోతే అనంతగిరి పైకి, అక్కడా లేకపోతే సుంకరిమెట్ట తోటల్లోకి. రోజంతా మబ్బు పట్టి సన్న జల్లు పడుతున్నా గదిలో ఉండిపోకండి. వాన ఆగి ఎండ తగలగానే పురుగులు లేస్తాయి, వాటి వెనకే గుంపు దిగుతుంది. నేను ఒకేసారి నాలుగు బూడిదతలల్ని చూసింది అలాంటి అరగంటలోనే, కల్వర్టు పక్క బడ్డీకొట్టులో టీ తాగుతూ, బైనాక్యులర్స్ బ్యాగులో ఉండగా.